బీరువాలోంచి బీప్

కాలేజీ మేడ మీద రేడియో గది. ప్రొఫెసరు, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. వాళ్ళు తయారుచేసిన చిన్న ఉపగ్రహం పైకి వెళ్ళి నాలుగు రోజులైంది.

"వైస్ ఛాన్సలర్ గారు బయల్దేరారట. నువ్వు కాస్త మొహం కడుక్కుని రా."

"కడుక్కుంటాను సార్. దానికి ముందు ఒక్క మాట."

"మాటలు తర్వాత. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేని పిల్ల ఇవాళ పొద్దున బీప్ అంది. ఇంకో పావుగంటలో మళ్ళీ మన నెత్తి మీదికొస్తుంది. ఆయనకి వినిపించాలి. హెడ్‌ఫోన్ ఏదీ?"

"మీ మెడలోనే ఉంది సార్. ఆ బీప్ గురించే..."

"నాకైతే కళ్ళనీళ్ళొచ్చాయనుకో."

"చూశాను సార్. అందుకే అప్పుడు చెప్పలేకపోయాను. బీప్ ఎన్నింటికి విన్నాం?"

"తొమ్మిదీ పదికి."

"తొమ్మిదిన్నరకి కూడా వినిపించింది."

"మంచిదేగా."

"పదింటికి ఐదు నిమిషాల ముందు కూడా."

"ఇంకా మంచిది."

"అప్పటికది భూమికి అవతలి పక్కన ఉంటుంది సార్."

"ఊఁ."

"అంత మంచిది కాదు కదా సార్?"

"ఏం చేశావ్?"

"నేనేం చెయ్యలేదు. చెయ్యలేదంటే... పైనున్నది ఎందుకు మూగబోయిందో చూద్దామని, పొద్దున బీరువాలోంచి దాని డూప్లికేట్ తీసి స్విచ్చేశాను. మళ్ళీ లోపల పెట్టేశాను. స్విచ్ ఆపడం..."

"మర్చిపోయావ్."

"మర్చిపోవడమంటే..."

"మర్చిపోవడమంటే మర్చిపోవడమే. అయితే పొద్దున్నుంచి నేను ఊరందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నది బీరువా గురించా?"

"అదిగో, ఆ బీరువా గురించే సార్."

"ఆగాగు. నన్ను కంగారు పెట్టకు. డూప్లికేట్‌ది వేరే ఫ్రీక్వెన్సీ. రెండూ కలిసిపోకుండా నేనే వేరు పెట్టించాను. మనం వింటున్నది అసలు దానిది. బీరువాలోది గొంతు చించుకున్నా ఇక్కడ వినపడదు. హమ్మయ్య. పో, మొహం కడుక్కో."

"నేనూ హమ్మయ్యే అనుకున్నాను సార్. ఇందాక మీరు ఫోన్లో ఉన్నప్పుడు దాని స్విచ్ ఆపాను."

"ఆపితే?"

"ఇక్కడ బీప్ ఆగింది."

"ఏదీ, వెయ్యి."

"ఇదిగో. విన్నారా?"

"ఆపు."

"ఆపాను."

"మళ్ళీ వెయ్యి."

"ఎన్నిసార్లు వేసినా అంతే సార్."

"అంటే బీరువాలో ఉన్నది..."

"అసలుది."

"మరి పైకెళ్ళింది..."

"ప్యాక్ చేసే ముందు రెండిటినీ ఎవరు తుడిచారు సార్?"

"ఎవరో తుడిచారు."

"మీరు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు కదా."

"దుమ్ముంటే తుడవనా? తుడిస్తే ఏది అసలో, ఏది డూప్లికేటో రాసిన స్టిక్కర్లు ఊడొచ్చాయి. మళ్ళీ అంటించాను. జాగ్రత్తగానే అంటించాను. మధ్యలో ఇంటి నుంచి ఫోనొచ్చింది."

"ఫోనొచ్చి?"

"కుళాయి వాషర్ ఏ సైజని."

"చెప్పారా?"

"అది సరిగ్గానే చెప్పాను. కవలల్ని కన్నతల్లే పోల్చుకోలేదు, నేనెంత?"

"నేనేమనలేదు సార్."

"అనాల్సిందే. మూడు రోజులూ నీ ప్రోగ్రామే తప్పన్నాను కదా."

"రెండుసార్లన్నారు. ఒకసారి అందరి ముందరా."

"నీ థీసిస్ కూడా ఆపమన్నాను."

"అది మూడోసారి సార్."

"సరే. ఇవాళ అందరి ముందరే తప్పు నాదని చెప్తాను. ఆయన రానీ. నవ్వితే నవ్వుతారు. నువ్వక్కడ ఏం తిప్పుతున్నావ్?"

"ఒక్క నిమిషం సార్. పైనున్నది డూప్లికేట్ అయితే, దాని ఫ్రీక్వెన్సీ వేరు కదా. అది మూగది కాదేమో. మనమే వేరే ఇంటి తలుపు కొడుతున్నామేమో."

"అమ్మాయ్..."

"మార్చేశాను. ఇంకో మూడు నిమిషాల్లో వస్తుంది. బీరువాలోది కూడా ఆపేశాను. ఈసారి చూసి మరీ ఆపాను."

"మెట్ల మీద చప్పుడు. ఆయనే. రండి సార్, రండి. ఈ కుర్చీలో కూర్చోండి."

"ఏమయ్యా ప్రొఫెసరూ, ఏదీ మీ పిల్ల? కబుర్లు చెబుతోందన్నావ్."

"అంతకు ముందు మీకొక సంగతి చెప్పాలి సార్. పొద్దున నేను చెప్పింది నిజం కాదు. పైకి పంపింది కూడా అసలుది కాదు. స్టిక్కర్లు మార్చి అంటించాను. ఈ అమ్మాయి తప్పేం లేదు, అంతా నాదే."

"స్టిక్కర్లేమిటయ్యా? అదేదో కుయ్యిమంటోంది, ముందు అది చూడు."

"సార్, అదే. పై నుంచే. తెర మీద అక్షరాలు పడుతున్నాయి."

"చూశారా వైస్ ఛాన్సలర్ గారూ, బతికే ఉంది. ఇది ఊరికే బీప్ కాదండీ, మాటలే పంపిస్తోంది. చదువు తల్లీ, గట్టిగా చదువు."

"బీప్ అంటోందనుకోండి సార్, చాలు."

"చాలదు. పరీక్షకని డూప్లికేట్‌లో మీ స్టూడెంట్లంతా కలిసి ఏదో వాక్యం పెట్టుకున్నారు కదా, అదే అయ్యుంటుంది. చదువు."

"అది పెట్టినప్పుడు, ఇది ఈ గది దాటదనుకున్నాం సార్."

"ఏం ఫరవాలేదు, చదువమ్మా. నేనూ వింటాను."

"‘మాస్టారు టీకి వెళ్ళారు. గంటన్నర దాకా రారు. ఇక పని మొదలుపెట్టండి.’"