పన్నెండు ఇళ్ళు, ఒకే అంకె

ముప్పై మూడేళ్ళ క్రితం జూన్ పన్నెండో తేదీన ఈ కార్యాలయంలో చేరి, నాటి నుండి నేటి దాకా ఒక్క ఫిర్యాదు కూడా ఎరుగని మన సీనియర్ తనిఖీ అధికారి, పదవీ విరమణకు తొమ్మిది రోజుల ముందు, పన్నెండు వేర్వేరు ఇళ్ళకు ఒకే అంకె వేసి సంతకం చేసినట్టు బయటపడింది.

బయటపెట్టింది మన రికార్డుల అధికారిణి. మన కార్యాలయ పత్రిక ఈ వీడ్కోలు సంచిక కోసం ఆయన ఉద్యోగ చరిత్ర సేకరిస్తూ పాత ఫైళ్ళు తిరగేస్తుంటే, ఒకే వీధిలోని పన్నెండు కొత్త ఇళ్ళకూ 4.9 అని కనిపించింది. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. పన్నెండూ 4.9లే.

ఆయనను మనమంతా చాటుగా గాలి మేస్టారు అని పిలుచుకుంటామన్న సంగతి వారి కుటుంబ సభ్యులకు తెలియకపోవచ్చు. ఆయన చేరిన కొత్తలో లేబుళ్ళూ లేవు, రాయితీలూ లేవు; తలుపుల కొలతలు సరిచూసే చిరుద్యోగం. పదేళ్ళ తర్వాత కొత్త ఇళ్ళకు విద్యుత్ పొదుపు లేబుల్ ప్రవేశపెట్టినప్పుడు, ముఖద్వారానికి తెర బిగించి, అందులో పెద్ద ఫ్యాను అమర్చి, ఇంటి సందుల్లోంచి ఎంత గాలి చొరబడుతోందో కొలిచే విద్యను శ్రద్ధగా అభ్యసించి, మనందరికీ ఓర్పుతో నేర్పినవారు ఆయనే. అంకె ఐదుకు మించకపోతే లేబుల్, దానితో యజమానికి రాయితీ. మించితే రెండూ లేవు. ఎవరింటికి అతిథిగా వెళ్ళినా ముందు తడిచెయ్యి కిటికీ అంచున పెట్టి చూస్తారు. "కూర్చోండి మేస్టారూ" అంటే, "కూర్చుంటే మీ కిటికీ గాలి నా వీపుకి తగులుతుందమ్మా" అంటారు.

అలాంటి మనిషి ఒక్క ఇల్లు కొలిచి, అదే అంకెను మిగతా పదకొండింటికీ ఎక్కించారా? ఆయన విరమణ పత్రం మీద 'ఏ అభ్యంతరమూ లేదు' అని సంతకం చేయవలసింది రికార్డుల అధికారిణే. చేస్తే తప్పులో తానూ భాగస్థురాలు. చేయకపోతే ఆయన పింఛను ఆగుతుంది, పన్నెండు కుటుంబాల లేబుళ్ళు రద్దవుతాయి. పైగా ఈ పనిలో ఆవిడకు ఓనమాలు దిద్దించింది ఆయనే.

మర్నాడు ఆవిడ ఎవరికీ చెప్పకుండా ఆ వీధికి వెళ్ళారు. మూడో ఇంటి తలుపు తీసిన పెద్దావిడ, మెడలోని గుర్తింపు కార్డు చూడగానే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మళ్ళీ ఏం కొలుస్తారమ్మా? పెద్దాయన కొలిచేశాడుగా."

"ఆయన ఎన్నిసార్లు వచ్చారండీ?"

"ఎన్నని చెప్పను! ఆదివారం వస్తే చాలు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దిగేవాళ్ళు. చేతిలో ఇంత బరువు సంచి."

సెలవు రోజున, భార్యతో, సంచితో! అధికారిణి సూటిగానే అడిగారు.

"ఆ సంచిలో మీరేం పెట్టి పంపేవారు?"

"మేమేం పెడతాం తల్లీ! వచ్చేటప్పుడు నిండుగా వచ్చేది, వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్ళేది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు." ఆ మాట అనేశాక పెద్దావిడ నాలుక కరుచుకుంది.

లంచం మేసే సంచి ఖాళీగా వచ్చి నిండుగా వెళ్తుంది. ఈ సంచి నడక తిరగబడింది. అధికారిణి గుమ్మం పక్క కిటికీ దగ్గరకు వెళ్ళి చట్రం చుట్టూ వేలితో తడిమారు. గోడకూ చట్రానికీ మధ్య వెంట్రుక కూడా దూరని పూత. అది బిల్డరు పని కాదు. రంగు వేరు, ఓపిక వేరు.

సాయంత్రం ఫైలు తెచ్చి మేస్టారి బల్ల మీద పెట్టారు.

"ఇదేమిటి మేస్టారూ?"

ఆయన పైనుంచి కిందికి ఒకసారి చూసి, కలానికి మూత పెట్టారు. "నీకు కాక ఇంకెవరికి దొరుకుతానమ్మా, దొంగని పట్టడం నేర్పింది నేనేగా. పద, డైరెక్టరు గారి ముందే చెప్పేస్తాను."

డైరెక్టరు గారు పన్నెండు ఇళ్ళనూ వేరే అధికారి చేత మళ్ళీ కొలిపించారు. ఏ ఇల్లూ ఐదు దాటలేదు, లేబుళ్ళు నిలిచాయి. మేస్టారికి మందలింపు లేఖ అందింది. రికార్డుల అధికారిణి దాన్ని స్వహస్తాలతో ఫైలుకు కుట్టి, ఆ తర్వాతే విరమణ పత్రం మీద సంతకం చేశారు. ఇకనైనా ఆ దంపతుల ఆదివారాలు వారివే కావాలనీ, నిచ్చెనలెక్కి అరిగిన ఆ మోకాళ్ళకు విశ్రాంతి, ఆ ఇంటికి సంపూర్ణ ఆరోగ్యం, వారిద్దరికీ నిండు నూరేళ్ళ ఆయుష్షు కలగాలనీ మనసారా కోరుకుంటూ, డైరెక్టరు గారి ఎదుట ఆయన చెప్పిన మాటలను, ఆయన పట్టుబట్టినందువల్లే, ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేస్తున్నాం:

"నేనే చేశాను సార్. ఆ కిటికీల ప్లాను మీద సంతకం నాది. చట్రానికీ గోడకీ మధ్య వేలెడు సందు ఉంది. పూత మేస్త్రీ పూడుస్తాడులే అనుకున్నాను. కిటికీలవాళ్ళు పూడుస్తారులే అని అతను అనుకున్నాడు. బిల్డరేమో బోర్డు తిప్పేశాడు. వెళ్ళి కొలిస్తే ఒక్క ఇల్లూ ఏడుకి తగ్గలేదు. తప్పు నాదైతే రాయితీ వాళ్ళకి పోవాలా? అందుకని మా ఆవిడ సందులు నింపింది, నేను ఫ్యాను తిప్పాను. తనిఖీ చేసేవాడు మరమ్మతు చేయకూడదని రూలుంది, తెలుసు. అది రాసిందే నేను. నాలుగు పాయింటు తొమ్మిదికి రాగానే ఆపెయ్ అనేవాణ్ణి. చేతిలో ఇంకా మిగిలింది, పూసేస్తానంటే మా ఆవిణ్ణి కూడా కసిరాను. ఐదు లోపుకి తేవడం నా తప్పు దిద్దుకోవడం సార్. ఆ కిందికి ఒక్క గీత దించినా అది అవినీతి."