ఏడు డిగ్రీల తేడా

డీఎన్ఏ పరీక్షల ల్యాబు. మధ్యాహ్నం. పది రోజుల్లో రిటైరయ్యే పెద్దసారూ, ఆయన దగ్గర పనిచేసే అమ్మాయీ.

"అంటే ఆ నాలుగు రిపోర్టులూ తప్పంటావు?"

"తప్పే సార్. 'తండ్రి ఇతను కాదు' అని మనం రాసిచ్చిన నాలుగూ."

"మెల్లగా, మెల్లగా. గోడలకి చెవులుంటాయి. మెషీన్ తొంభై ఐదు డిగ్రీలు చూపించిందా, లేదా?"

"చూపించింది. ట్యూబులో కొలిస్తే ఎనభై ఎనిమిదే. ట్యూబులు పెట్టే గుంటలకి మరకలు పడతాయని మీరు ప్లాస్టిక్ కాగితం పరిపించారు కదా."

"కొత్త వస్తువమ్మా! మా ఇంట్లో ఫ్రిజ్‌కి పదకొండేళ్లయినా ఆ కాగితం తియ్యలేదు. ఇవాళ్టికీ షోరూములో ఉన్నట్టే ఉంటుంది."

"ఫ్రిజ్‌కి పైన ఏముంటేనేం సార్. దీనికి లోపలికి వేడి తగలాలి."

"ఏడు డిగ్రీలకే కొంపలు మునుగుతాయా?"

"మునిగాయి. డీఎన్ఏలో రెండు పోగులు పెనవేసుకుని ఉంటాయా. కొన్నిచోట్ల రెండేసి ముళ్లు, కొన్నిచోట్ల మూడేసి. రెండు ముళ్లవి ముందే ఊడతాయి. మూడు ముళ్లు ఎక్కువున్నచోట చచ్చినా వదలవు. పోగులు విడిపోతేనే మెషీన్ నకలు తీస్తుంది. విడిపోనిచోట తండ్రి గుర్తు బిడ్డలో ఉన్నా మనకి కనబడదు. కనబడలేదు కాబట్టి లేదని రాసేశాం."

"నాకే పాఠమా? ముప్ఫై రెండేళ్ల సర్వీసు..."

"మీరు నేర్పిందే సార్."

"సరే, సరే. పది రోజులాగు. వీడ్కోలు సభ అయిపోనీ. సూటు కూడా కుట్టించుకున్నాను."

"ఈలోగా ఆ ఆడవాళ్ల గతి?"

"మనం కాగితం రాస్తాం. ఆపైన వాళ్ల రాత. అయినా అనుమానం ఊరికే వస్తుందా? నిప్పు లేందే పొగ రాదు."

"నిప్పు లేదు సార్. ప్లాస్టిక్ తీసేసి నాలుగూ మళ్లీ చేశాను. నలుగురూ సొంత తండ్రులే."

"నలుగురూనా?"

"నలుగురూ. మూడిళ్లకి ఇప్పుడే ఫోన్ చేస్తాను. నాలుగోదానికే పేరూ లేదు, అడ్రసూ లేదు. పళ్ల బ్రష్షొకటి, పాలపీకొకటి, అంతే."

"అది... అది మళ్లీ చెయ్యి."

"రెండుసార్లు చేశాను సార్."

"మూడోసారి చెయ్యి! బ్రష్షు... నీలందేనా?"

"నీలందే. మీకెలా..."

"ఏదీ, ఆ బ్రష్షు ఇలా చూపించు."

"సార్?"

"నేనే తెచ్చాను. మావాడు ఊళ్లో లేనప్పుడు."

"మీ పెద్దబ్బాయిదా?"

"వాడు నమ్మనన్నాడు. నా భార్య మొహం చూస్తే అలా అనిపించట్లేదు నాన్నా అన్నాడు. మొహాలు అబద్ధమాడతాయిరా, సైన్సు ఆడదు అని నేనే కూర్చోబెట్టి చెప్పాను."

"అయితే ఇప్పుడే చెప్పేద్దాం సార్! ఆవిణ్ణి పిలవండి. నేనూ వస్తాను, కాళ్లు పట్టుకుందాం..."

"ఎక్కణ్ణుంచి పిలవనమ్మా? పెద్దవాడిది కాదు, చిన్నవాడిది. పోయిన నెల ఉరేసుకున్న మా చిన్నకోడలి శవం దగ్గర నువ్వూ ఏడ్చావుగా."