కింద పెట్టిన పేరు

(వేసవి మధ్యాహ్నం. వాకిట్లో పందిరి కింద సైదమ్మ, ఆమె కూతురు సంగీత బీడీలకు అమ్మే తునికాకు కట్టలు కడుతున్నారు. సంగీత తల్లిని తండా మాటలో 'యాడీ' అని పిలుస్తుంది. సైదమ్మ తమ్ముడు బాలకృష్ణ ఒక కవరు పట్టుకొని ఎదురుగా కూర్చున్నాడు.)

"నలభై ఎనిమిది, నలభై తొమ్మిది... ఆగు మామా, లెక్క తప్పుతది."

"ఆగిన కోడలా, ఆగిన. కానీ జల్దీ చూడు. పోస్టాయన గిప్పుడే ఇచ్చిపోయిండు. మిల్లు ముద్ర గూడ ఉన్నది."

"యాభై. యాడీ, నార అందియ్యి."

"ఆకులు ఏడికి పోవు గాని, ముందు మామ కాయితం చూడవే."

"చేతులన్న తుడుచుకోనియ్యవా? నువ్వే చదువుకోరాదు మామా. ఒకప్పుడు తండా కాయితాలన్నీ నీ కాడికే వచ్చేటియి గదా."

"అది ఒకప్పుడు."

"పదో తరగతి దాకా చదివినోడివి."

"తప్పినోన్ని. ఇంగ్లీషు కాయితం ముట్టక ఆరేండ్లయింది. నువ్వే చదువు."

"ఎందుకు ముట్టవు?"

"ఎందుకేముంది... అక్షరాలు కండ్లకు ఆనుతలేవు."

"బాలకృష్ణా, చల్ల తాగుతవారా?"

"వద్దక్కా. పిల్లను చదవనియ్యి."

"ఊ... ఇది వాచ్‌మెన్ పని గురించేనా మామా?"

"అవ్. నడుము పడ్డంక పామాయిల్ గెలలు మోసుడు నాతోని అయితలేదు గదా. ఇది గేటు కాడ కూసునే పని. మన తండా దేవ్లా గూడ దీనికే అర్జీ పెట్టిండు. ఏమన్నరు?"

"టర్న్ అప్ అని రాసిండ్రు."

"టర్న్ అంటే తిరుగుడు గదా?"

"అవ్. మరి అప్ అంటే?"

"పైకి."

"చూసినవా, నీకే వచ్చు. నీ అర్జీ తిప్పి పై ఆఫీసుకు పంపిండ్రన్నట్టు. మళ్ళా పిలిచేదాక ఇంటికాన్నే ఉండాలె."

"ఎన్నడు పిలుస్తరట?"

"అది రాయలె."

"ఇగో, ఈడ ఐదు అంకె కనబడుతుంది..."

"ఐదుగురి అర్జీలు పంపిండ్రట."

"అట్లనా. అయితే పని రాలేదనైతే కాదు?"

"వచ్చిందనీ కాదు."

"నువ్వు చదివినవంటే అంతే ఇగ. ఇంకెవరికీ చూపియ్య. కవరు నీ కాన్నే ఉండనియ్యి, మా ఇంట్ల పిల్లలు చింపుతరు. పోతనక్కా."

"గింత ఎండల ఏడికిరా? కూసో."

"నీ మరదలికి చెప్పాలె. పోస్టాయన్ను చూసిందో లేదో, నా తెల్ల అంగీ ఉతికి ఆరేసింది పిచ్చిది."

"పోయిండా యాడీ?"

"మలుపు తిరిగిండు. ఎందుకే నవ్వుతున్నవ్?"

"నవ్వుతలేను."

"నీ మూతి నాకు తెల్వదా?"

"టర్న్ అప్ అంటే తిప్పుడూ కాదు, పైకి పంపుడూ కాదు. వచ్చి హాజరు కావుడు. ఇయ్యాల సాయంత్రం ఐదింటికల్లా మిల్లు ఆఫీసుకు వచ్చి పనిల చేరు, రాకపోతే నీ వెనకోనికి ఇస్తం అని రాసిండ్రు."

"ఏందీ?"

"మూడింటి బస్సు పట్టుకుంటే అందుతడు. అది పోయిందంటే గేటు పని దేవ్లాది."

"ఏందే నువ్వనేది? సొంత మామను పట్టుకొని..."

"సొంత మామనే. నాకు నర్సింగు బడి కాయితం వచ్చిననాడు చదివింది గూడ సొంత మామనే. వి హావ్ పుట్ యు డౌన్ ఫర్ ఎ సీట్. పుట్ అంటే పెట్టుడు, డౌన్ అంటే కింద. నీ పేరు కింద పెట్టిండ్రు కోడలా, సీటు రాలె అన్నడు."

"పాత ముచ్చట అది."

"నీకు పాతది. నేను ఆ కాయితం పారెయ్యలె. డిక్షనరీ కొన్నంక తీసి చూసిన. పుట్ అనే ఒక్క మాటకు నాలుగు పేజీలున్నయి యాడీ. పుట్ ఆఫ్ అంటే వాయిదా ఏసుడు. పుట్ అవుట్ అంటే దీపం ఆర్పుడు. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకునుడు. మాట అదే. ఎనక తోక మారిందంటే మొత్తం మారుతది."

"ఒక్క మాటకు గన్ని తోకలా? మేకకు గూడ ఒక్కటే ఉంటది."

"మనకు లేవా? అన్నం పెట్టుడు, వాత పెట్టుడు ఒక్కటేనా? పేరు పెట్టుడంటే బారసాల. పేర్లు పెట్టుడంటే ఎక్కిరింపు."

"సరే, సరే. ఆ కట్ట వదులైంది, మళ్ళా కట్టు."

"పుట్ డౌన్ అంటే ఏందని అడగవేంది?"

"అడిగేదేముంది."

"పేరు రాసుకునుడు. సీటుకు నా పేరు రాసుకున్నరు యాడీ. సోమారం కల్లా వచ్చి చేరమన్నరు. నేనేమో సోమారంనాడు నీ ఎనకాల తునికాకుకు పోయిన."

"వానికి తెల్వక చదివిండేమో."

"తెల్వకనా? మామతోని ఒకే బస్సుల వచ్చిన మోతీలాల్ తాత చెప్పిండు నాకు. ఆ పొద్దు మామ కాయితం పట్టుకొని అశ్వారావుపేటల ఒక సారు ఇంటికి పోయిండట. అర్థం చెప్పించుకున్నడట. తిరిగి వచ్చేటప్పుడు బస్సుల ఒకటే నవ్వుడట. తెలిసి చెప్పిండు. నా కండ్లల్లకు చూసి చెప్పిండు."

"మోతీలాల్‌కు పని లేదు."

"ఆరేండ్లు నేను గూడ గెలలు మోసిన చేతులివి. ముల్లు దిగని ఏలు ఒక్కటి చూపియ్యి. ఆయన నాకు ఎట్ల చదివిండో, నేనూ అట్లనే చదివిన. ఒక్క అక్షరం ఎక్కువ తీసుకోలె."

"లేవు సంగీతా. ఉరుకు. మూడు కాకముందే పోయి చెప్పు."

"చెప్ప."

"నడుము పడ్డోడే. ఇద్దరు చిన్న పిల్లలు."

"నా సీటు అందుకున్నామె ఇయ్యాల ఖమ్మంల ఏ దవాఖానలనో సూదులేస్తుండొచ్చు. ఆమెకు గూడ పిల్లలుంటరు. ఆమె పిల్లల చేతుల్లకు ముండ్లు దిగవు."

"వాని మీద పగ వద్దు బిడ్డా."

"ఎందుకు వద్దు?"

"వద్దంటున్న గదా."

"అదే, ఎందుకు అంటున్న. నీ తమ్ముడనా?"

"తమ్ముడని కాదు."

"మరి?"

"ఆ నార ఇటియ్యి."

"నార సంగతి తర్వాత. చెప్పు. నా బతుకు తుంచినోడి మీద పగ ఎందుకు వద్దు?"

"తుంచింది వాడు కాదు."

"ఇంకెవరు?"

"ఈ కట్ట ముడి పడుతలేదు."

"యాడీ, ఇంకెవరు?"

"ఆ పొద్దు వాడు బస్సు దిగి సక్కగ నా కాడికే వచ్చిండు. నువ్వు నీళ్ళకు పోయినవ్. అక్కా, పిల్ల పేరు రాసుకున్నరు, సోమారం పంపాలె అని ఒకటే సంబురం వానికి. మీ నాయన మంచాన పడి అప్పటికి రెండు నెలలు. నేను కూలికి పోతే ఆయనకు మందెవరు పోస్తరు? ఆయన కాడ కూసుంటే కూలికి ఎవరు పోతరు? నువ్వు అటు పోయినంక మళ్ళా తండాకు వస్తవని ఏం నమ్మకం? రాలేదని చెప్పు తమ్మీ అన్న. చెప్ప అన్నడు. నేను చావనన్న చస్త గని ఆ పిల్లకు అబద్ధం చెప్ప అన్నడు. వాని రెండు కాళ్ళు పట్టుకొని ఒట్టేయించుకున్న. నీ పేరు కింద పెట్టిండ్రని వాని నోట చెప్పించింది నేనే."

"..."

"తిట్టు. నాలుగు తిట్టు, పడత."

"..."

"అవ్, లేవు. గట్ల. జల్దీ పో బిడ్డా, ఇంకా మూడు కాలె. అంగీ ఆరకున్నా ఏసుకొని పొమ్మను."

"..."

"కాయితం నా ఒళ్ళ ఎందుకు పెడుతున్నవ్? నాకు చదవరాదు గదనే. వాని కాడ నేనేమని చెప్పాలె? నువ్వు ఎట్ల చదివినవో, ఎందుకు చదివినవో, అదంతా నా నోటితోని..."

"..."

"ఇంట్లకెందుకు పోతున్నవ్? పెట్టె ఎందుకు తెరిచినవ్? బట్టలెందుకు సర్దుతున్నవ్? సంగీతా... మామ ఇంటికి పోనీకె సర్టిఫికెట్లెందుకే?"