ఏ పనీ చెయ్యని ప్రోటీను

టైలరు కొట్టు. మిషను మీద బావ, ఎదురుగా స్టూలు మీద ల్యాబు నుంచి నేరుగా వచ్చిన మరదలు.

“మళ్లీ చెప్పు. ఇన్నేళ్లుగా నువ్వు పట్టుకుని వేలాడుతున్న ఆ ప్రోటీను చేసే పనేంటి?”

“దానికంటూ పని ఉండదు బావా. అడాప్టర్ ప్రోటీను అంటారు. పని చేసే ప్రోటీన్లని పక్కపక్కకి తెచ్చి పట్టుకుంటుంది. కణం బయట నుంచి వచ్చిన కబురు అలా లోపలికి చేరుతుంది.”

“అంటే ఒళ్లు వంచకుండా మధ్యలో నిలబడి చేతులు కలుపుతుంది. అచ్చం మా చిన్నాన్న. జీవితమంతా సంబంధాలు కుదర్చడమే. ఆయన మీద చెయ్యలేకపోయావా పరిశోధన? టీ ఇప్పిస్తే ఊరికే వచ్చేవాడు.”

“మీ చిన్నాన్న అడక్కపోయినా కుదురుస్తాడు. ఇది కబురొస్తేనే కలపాలి.”

“రాకపోతే?”

“ఊరుకోవాలి. అదే... అది చెబుదామనే వచ్చా. ఆ మిషను కాస్త ఆపండి.”

“నేను చెవులతో కుట్టడం లేదులే, చెప్పు.”

“మీరు ఈమధ్య చిక్కారా?”

“చిక్కడమా! నా ప్యాంటు నేనే వదులు చేసుకుంటున్నా. ఊళ్లో వాళ్లకి కుట్టే తీరికే లేదు.”

“రాత్రుళ్లు చెమటలు? ఎడమ డొక్కలో బరువు?”

“రాయిలా ఉన్నాను తల్లీ. ఆ గొడవలన్నీ మీ అక్కనడుగు. రెండు ముద్దలకే కడుపు నిండిందంటుంది, మెట్టెక్కితే ఆయాసమంటుంది, పడక కనిపిస్తే చాలు వాలిపోతుంది. ఒట్టి బద్ధకం.”

“అక్క సంగతి తర్వాత. మీరు ఇంకోసారి రక్తమివ్వాలి.”

“ఇంకోసారా? మొన్నటిది ఒలకబోశావా?”

“లేదు.”

“ఆరోగ్యవంతుల రక్తం కావాలన్నావు. రోగుల రక్తం పక్కన పెట్టి తేడా చూస్తానన్నావు. నాకంటే గట్టివాడు దొరకలేదన్నావు. అన్నావా లేదా?”

“అన్నాను.”

“మరి?”

“మీ పేరున్న గొట్టంలో ఆ ప్రోటీను ఊరుకోవడం లేదు.”

“గొట్టం కడగలేదేమో.”

“కొత్త గొట్టం.”

“అయితే చేసిన మనిషిని మార్చు. నీ పనితనం మాకు తెలీనిదా? చిన్నప్పుడు నువ్వు కాచిన పాలు...”

“మార్చాను. ఇంకొకరి చేత చేయించాను. అదే వచ్చింది.”

“అదేనంటే ఏది?”

“ఎవరూ కబురు పెట్టకపోయినా ‘పెరగండి, పెరగండి’ అని చేరవేస్తూనే ఉంది. తెల్లకణాల్లో అలా కనిపిస్తే ఒక రకం రక్త క్యాన్సర్ కావచ్చు. కావచ్చు అంటున్నా, అంతే. పరీక్షలు చేసి డాక్టరు తేల్చాలి. మాత్రలున్నాయి బావా. ముందే పట్టుకుంటే ఏళ్ల తరబడి మామూలుగా బతకొచ్చు. ...మిషను ఆపేశారేం?”

“నువ్వే ఆపమన్నావుగా.”

“భయపడకండి.”

“నా గురించి కాదు. రక్తం తీసిన రోజు క్లినిక్‌లో నువ్వు లేవు కదూ?”

“లేను. గొట్టాల మీద పేర్లు రాసి నర్సుకిచ్చి వెళ్లాను. ఏం?”

“ఏం లేదు. ఆవిడ నీకేమైనా చెప్పిందా?”

“ఏం చెప్పాలి?”

“నవ్వకూడదు.”

“నవ్వే మొహంలా ఉందా నాది?”

“రోజంతా సూదితో బతికేవాణ్ని. బట్టలో దిగితే నాకేం కాదు. ఒంట్లో దిగుతుందనేసరికి... కళ్లు తిరిగి కుర్చీలోంచి జారిపోయాను. నర్సు ఒకటే నవ్వు. నీకు తెలిస్తే జన్మంతా ఏడిపిస్తావు. అందుకని పేరు మార్చొద్దని నేనే బతిమాలాను.”

“పేరు మార్చడమేంటి? సూటిగా చెప్పండి బావా.”

“మీ అక్క నన్ను పక్కన కూర్చోబెట్టి, ఆ కుర్చీలో తను కూర్చుని చెయ్యి చాపింది.”