కాగితం మీద చెప్పిన ‘వద్దు’

హలో… ఆ, నేనేనండి, నూకరత్నాన్ని. మీ గొంతు తెలీదేంటండీ… చెప్పండి ఉదయ్‌ గారూ.

ఉత్తరం అందిందా… ఆయ్, నేనే రాశానండి. నా చేత్తోనే.

ఎవరూ ఎక్కించలేదండి… వేరే కంపెనీయా? అబ్బే, ఇంకెవరొస్తారండీ నా దగ్గరికి!

మర్యాదగానే రాశాను కదా? ‘మీ కంపెనీ మీద గౌరవం ఉంది, నర్సరీ మాత్రం లీజుకి ఇవ్వలేను, ఏమీ అనుకోవద్దు’ అని… ఆ, అంతే. ఎన్ని కాగితాలు చింపానో ఆ మాత్రం రాయడానికి.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారా…

నిజమేనండి. మా కడియంలో లారీడు మొక్కలు కూడా నోటిమాట మీదే వెళ్ళిపోతాయి. కాగితం పెట్టామంటే మొహం చూడ్డం ఇష్టం లేదనుకుంటారు… అయ్యో, అదేం లేదు! మీ మీద నాకు కోపమేంటండీ?

మీరేమో రోజూ దీపాలు పెట్టే వేళకి ఫోన్ చేసి, ‘ఇవాళ ఏం వండుకున్నారమ్మా’ అని మొదలెడతారు. ఆ మాట విన్నాక నా నోట్లోంచి ‘వద్దు’ ఎలా వస్తుందండీ? చూద్దాంలెండి, చూద్దాంలెండి అంటూ వచ్చాను. వద్దని చెప్పేస్తే ఇంక మీరు ఫోన్ చెయ్యరు కదా…

డబ్బు సంగతి కాదండి. మీరిస్తానన్నది ఎక్కువే.

హాయిగా కూర్చుని తినొచ్చా? అదేనండి నా భయం! మా ఆయన పోయాక ఇంట్లో మాటే లేదు. పగలైతే కవర్లలో మట్టి నింపడానికి ఆడోళ్ళొస్తారు. ఒకటే గోల. వాళ్ళలో పెద్దింట్లమ్మైతే నన్నే తిడుతుంది, మొక్కలకి నీళ్ళు సరిగ్గా పెట్టలేదని! రేపు మీరు మిషన్లు, మీ మనుషుల్ని తెచ్చుకుంటే… వాళ్ళేమైపోతారు, నేనేమైపోతాను?

…

ఆ. ఉత్తరం పైవాళ్ళకి పంపించేశారా. మంచిదండి.

అయితే ఇంక… ఫోన్ ఉండదన్నమాట.

లేదు లేదు, మీ డ్యూటీ మీది… ఒక్కటి అడగనా? ఇవాళ కూరేంటో అడగలేదు మీరు.

— ఏంటీ?

ఆఫీసులో చెప్పారా? రైతులతో ముందు అలా మాట్లాడమని… అందరితోనూ…

ఆ… ఉన్నానండి. వింటున్నాను.

పర్లేదు. చెప్పకుండా ఉండాల్సింది మీరు… అయినా నిజం చెప్పారు. నేనైతే నిజంగానే వండేదాన్నండి. మీరడుగుతారని. లేకపోతే ఒక్కదానికి కూరెందుకు, ఇంత పచ్చడేసుకుని తినేసేదాన్ని.

ఆ, ఏడుస్తున్నానండి. ఏం చెయ్యను… కాసేపుంటే అదే తగ్గుతుంది.

ఏంటా చప్పుడు… ఇంకో ఫోన్ వస్తోందా? ఎవరండీ?

రామచంద్రపురం పెద్దాయనా… మీరు లీజుకి అడుగుతున్న కొబ్బరితోటాయనా? ఆయనా ఒక్కరేనా ఇంట్లో?

…మీరు ఈ వేళకే చేస్తారా ఆయనకి కూడా.

తీసుకోండి బాబూ. ఆలస్యమైందని ఆయనే చేస్తున్నట్టున్నారు… నాతో తర్వాత ఏముందండీ మాట్లాడ్డానికి. ముందు ఆయన ఫోన్ తీయండి, ఆగిపోతుంది…

నేనే పెట్టేస్తున్నాను.