రెండు పాయింట్ తొమ్మిది లీటర్లు

పరుగు పరీక్షల గది. ట్రెడ్‌మిల్ దిగిన కూతురికి ఇంకా ఊపిరి అందడం లేదు; కోచ్ అయిన తండ్రి పరీక్ష చేసిన ఆవిడ మీద విరుచుకుపడుతున్నాడు. జట్టు జాబితా వెళ్ళడానికి అరగంటే ఉంది.

“మీ మెషిన్ పాడైందని ఒప్పుకోండి మేడమ్, గొడవ వదిలిపోతుంది!”

“పొద్దున్నే సరిచూశాను సార్.”

“పోయినేడు యాభై ఎనిమిది స్కోరు వచ్చిన పిల్లకి ఇవాళ యాభై ఏంటండీ? యాభై రెండు లేకపోతే జట్టులోకి రానివ్వరు! కోచ్‌గా నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“నాన్నా, మెల్లగా...”

“నువ్వుండు చిన్నీ. నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కు.”

“మళ్ళీనా? కాళ్ళు వణుకుతున్నాయి నాన్నా.”

“ఎక్కక్కర్లేదమ్మా. సార్, ఇటు చూడండి. నిమిషానికి మొత్తం వాడిన ఆక్సిజన్ రెండు పాయింట్ తొమ్మిది లీటర్లు. పోయినేడూ అంతే.”

“అంటే నా దమ్ము తగ్గలేదా అక్కా?”

“చుక్క కూడా తగ్గలేదు.”

“విన్నారా! మరి ఈ యాభై ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

“అది కిలోకి ఎన్ని మిల్లీలీటర్లనే లెక్క సార్. ఆ లీటర్లని ఒంటి బరువుతో భాగిస్తాం. జట్టువాళ్ళు చూసేది దాన్నే. ఇవాళ అమ్మాయి బరువు యాభై ఎనిమిది కిలోలు.”

“అందుకే చెప్పా, కాటా ఎక్కించొద్దని! బరువు చీటీ తెచ్చిచ్చాగా!”

“పోయినేడు మా కాటా రిపేరులో ఉంది కాబట్టి చీటీ తీసుకున్నాం. అందులో యాభై కిలోలే ఉంది.”

“యాభైయా?”

“చిన్నీ, బ్యాగు సర్దు. టైమైపోతోంది.”

“ఆగు నాన్నా. అక్కా, నేను పెరగలేదు. రెండేళ్ళుగా యాభై ఎనిమిది కిలోలే. రోజూ నాన్నే తూచి డైరీలో రాస్తాడు.”

“డైరీ గొడవ ఇప్పుడెందుకే?”

“చీటీ ఎవరు రాశారు నాన్నా?”

“ఎవరో... ఆ హడావుడిలో...”

“అక్కా, ఆ చీటీ ఉందా?”

“ఫైల్లోనే ఉంది. ఇదిగో.”

“ఇవ్వండి మేడమ్, నేను చూస్తా.”

“నాకివ్వు అక్కా.”

“చిన్నీ, నీ కోసమే కదరా...”

“పోయినేడు చివరి చోటు నాకిచ్చారు. యాభై ఏడు వచ్చిన పొడుగుపిల్లని ఇంటికి పంపారు. అది పరుగే మానేసింది నాన్నా. నేను దాన్ని ఓదార్చాను కూడా!”

“ఒక్క అంకె కోసం ఇంత రాద్ధాంతమా? మేడమ్, మీరైనా చెప్పండి.”

“నేనేం చెప్పను సార్? కింద మీ సంతకం ఉంది.”

“అక్కా, జాబితా పంపే ఆయనకి ఫోన్ కలుపు.”

“ఈ ఏడు చోటు ఎలాగూ రాదమ్మా. కలిపితే పోయినేడు జట్టుతో గెలిచిన పతకం కూడా పోతుంది.”

“కలుపు.”

“చిన్నీ, వద్దు! నా మాట విను!”

“హలో, సార్... నేనే, ఇవాళ యాభై వచ్చిన అమ్మాయిని. మెషిన్ తప్పు లేదండీ. నా అసలు లెక్క అదే, పోయినేడు కూడా అదే. దొంగ బరువు రాసింది మా నాన్న.”