కెర్నెల్‌కూ స్విచ్‌కూ పొంతన కుదిర్చిన సాలేహా గారు

1991 ఆగస్టు 19వ తేదీన, విజయవాడలోని మన వైద్య సమాచార కేంద్రంలో డేటా ఎంట్రీ ఆపరేటరుగా శ్రీమతి షేక్ సాలేహా గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. నాడు కేంద్రానికి ఉన్న కంప్యూటర్లు రెండు, వాటిపై పెత్తనం కోసం పోటీపడే అధికారులు ఆరుగురు. ఆ పోటీలో పాల్గొనకుండానే ఆవిడ పని నేర్చుకున్నారు.

తదనంతరం సిస్టమ్స్ విభాగంలో చేరి, స్వయంకృషితో పదోన్నతులు పొంది, 2012 నాటికి సర్వర్ల నిర్వహణ బాధ్యతను చేపట్టారు. డెల్టాలోని చిన్న ఆసుపత్రుల రోగుల వివరాలన్నీ అప్పటికే మన సర్వర్లలో చేరాయి. ఒక్కొక్క సర్వరులో అనేక వర్చువల్ యంత్రాలు, అంటే సాఫ్ట్‌వేరుతో సృష్టించిన కంప్యూటర్లు, కాపురముంటాయి. వాటికి బయటి ప్రపంచంతో రాకపోకలు కల్పించే సాఫ్ట్‌వేరే వర్చువల్ స్విచ్. ఆ స్విచ్‌కూ, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌కూ పొంతన కుదరకపోతే యంత్రాలు బతికే ఉంటాయి గాని, ఎవరికీ పలకవు. అందుచేత ఆవిడ ప్రతి కొత్త కెర్నెల్‌నూ ముందుగా మూలనున్న పాత సర్వరులో ఎక్కించి, వారం రోజులు పరీక్షించిన పిమ్మటే తక్కినవాటికి అనుమతించేవారు. దీన్ని మేము ‘జాతకాలు చూడటం’ అని ఆటపట్టించేవాళ్లం.

“చూడకుండా ఎక్కిస్తే రేపు ఆ కాపురం మీరు చక్కదిద్దుతారాండీ?” అనేవారు ఆవిడ.

ఆ నియమాన్ని ఒకే ఒక్కసారి ఉల్లంఘించినది కూడా ఆవిడే. 2017 రంజాన్ మాసంలో ఒక మధ్యాహ్నం, భద్రతా లోపాన్ని సరిదిద్దే కొత్త కెర్నెల్ వచ్చింది. ఆ సాయంత్రం ఇఫ్తార్‌కు కుమార్తె అఫ్సా అత్తవారు ఇంటికి రానున్నారు. చిన్న మార్పే కదా అనుకుని, పరీక్ష మాని, అన్ని సర్వర్లలోనూ ఎక్కించేశారు. కాసేపటికే పామర్రు ఆసుపత్రి నుంచి నర్సు ఎలిజబెత్ గారు ఫోను చేశారు.

“మేడమ్, పేషెంటు వివరాలు రావట్లేదండీ. ఈవిడకి ఏదో ఇంజెక్షన్ పడదని కంప్యూటర్లో ఎక్కించిన గుర్తు, ఏదో తెలీట్లేదు. డాక్టరుగారు సిరంజి పట్టుకుని నిలబడ్డారు.”

“చెయ్యనివ్వకండమ్మా! నే చెప్పేదాకా ఆగమనండి,” అంటూనే సాలేహా గారు ఆ సర్వరును పాత కెర్నెల్‌తో మళ్లీ లేపారు. ఫోను మాత్రం చెవి నుంచి తీయలేదు.

“వచ్చిందండీ. పెన్సిలిన్ పడదట. ఇవ్వబోయింది అదేనండీ,” అన్నారు ఎలిజబెత్ గారు.

సాలేహా గారు వెంటనే మిగతావాటిని కూడా పాత కెర్నెల్‌తో లేపే పనిలో పడ్డారు. తక్కిన సర్వర్లన్నీ చక్కబడేసరికి పొద్దుగుంకింది. క్యాంటీన్ మణెమ్మ తెచ్చిన మంచినీళ్లతో ఆఫీసులోనే ఉపవాసం విరమించారు. మర్నాటి సమావేశంలో, ఎవరూ అడగకముందే లేచి, “తప్పు నాదేనండి. జాతకం చూడలేదు,” అన్నారు. మాలో ఒక్కరికీ నవ్వు రాలేదు.

పదవీ విరమణ దగ్గరపడుతుండగా, గత మాసంలో యాజమాన్యం మరో ఏడాది కొనసాగమని వారిని అభ్యర్థించింది. పెద్ద కెర్నెల్ మార్పు ముంగిట్లో ఉన్నందున, ఆవిడ లేకుండా అది గట్టెక్కుతుందా అని నాకూ భయమేసింది. ఆవిడ అంగీకరించలేదు.

“నేనుంటేనే నడిచేటట్టయితే, ఇన్నాళ్లూ మీకు నేర్పిందేముందండీ?” అని, పరీక్షల బాధ్యతను సహోద్యోగి యేసుకుమార్ గారికి అప్పగించి, మార్పు జరిగే రోజున కావాలనే సెలవు పెట్టారు. ఫోను కూడా ఆపేశారు. యేసుకుమార్ గారు వారం రోజులు పరీక్షించి, ముందు స్విచ్‌నూ, ఆ తరువాత కెర్నెల్‌నూ మార్చారు.

మర్నాడు ఆవిడ గుమ్మంలోనే ఆగి, “పామర్రు నుంచి ఫోనేమైనా వచ్చిందా?” అని అడిగారు.

“ఎక్కణ్ణుంచీ రాలేదండీ,” అన్నారు యేసుకుమార్ గారు.

సాలేహా గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. వారికి అసలైన సన్మానం ఆనాడే జరిగిందని నా అభిప్రాయం. ఈ శాలువా, ఈ వ్యాసం మన తృప్తి కోసం. సర్వేశ్వరుడు వారికి సంపూర్ణ ఆరోగ్యాన్నీ, దీర్ఘాయువునూ, ఆఫీసు ఫోను మోగని నిండు సాయంత్రాలనూ ప్రసాదించుగాక.